సర్వీస్ ఛార్జీ కట్టాల్సిందేనా?

ప్రశ్న: మొన్న ఆదివారం ఇంట్లోవాళ్ళతో హైదరాబాద్‌లో ఒక రెస్టారెంట్‌కి వెళ్ళామండి, బిర్యానీ బాగానే ఉంది గానీ బిల్లు చూస్తే జీఎస్టీ కాకుండా సర్వీస్ ఛార్జీ అని 10 శాతం వేశారు, ఇదేంటని అడిగితే అందరూ కడుతున్నారు సార్ అన్నాడు. నిజంగా కట్టాలా?
- ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: అక్కర్లేదండి. అది గవర్నమెంట్ పన్ను కాదు, హోటల్ వాళ్ళు సొంతంగా వేసుకునేది. దాన్ని బిల్లులో వాళ్ళంతట వాళ్ళు కలపకూడదని, ఇంకో పేరు పెట్టి కూడా వసూలు చెయ్యకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2022 జులైలోనే చెప్పింది, దానిమీద రెస్టారెంట్ల సంఘాలు కోర్టుకెళ్తే 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా అథారిటీ వైపే నిలబడింది. అందుకని అది తీసేసి కొత్త బిల్లు ఇవ్వమనండి, పక్క టేబుల్ వాళ్ళు చూస్తున్నారని మొహమాటపడ్డారో జేబుకి చిల్లే (చాలామంది దగ్గర వాళ్ళు లాగేది ఆ మొహమాటం మీదే). ససేమిరా అంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి.

జీఎస్టీ మాత్రం తప్పదు, మామూలు రెస్టారెంట్లలో 5 శాతం, రూము అద్దె రోజుకి 7,500 రూపాయలు దాటే స్టార్ హోటళ్ళ లోపల తింటే 18. టిప్పు అంటారా, అది మీ ఇష్టం, ఇవ్వాలనిపిస్తే వడ్డించిన అబ్బాయి చేతికే ఇవ్వండి.