ఆయన సంతకం ఇంట్లో ఉన్నప్పుడే

ప్రశ్న: మాది బోడుప్పల్. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, జీతం 24 వేలు. మావారికి అల్యూమినియం కిటికీలు, తలుపులు చేసే షాపు ఉంది. సరుకు ఇచ్చిన డీలరుకు ఆయన రాసిన రెండు చెక్కులు, మొత్తం 7 లక్షలవి, బౌన్స్ అయ్యాయి. కేసు నడుస్తోంది. రెండు నెలల్లో తీర్పు వస్తుందని, శిక్ష పడే అవకాశమే ఎక్కువని లాయర్ అంటున్నారు. ఫ్లాట్ ఇద్దరి పేరునా ఉంది, లోన్‌లోనూ ఇద్దరం ఉన్నాం, ఈఎంఐ 19,400. నా అకౌంట్లో 2 లక్షల 10 వేలు, ఆయన పేర 3 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్, నా పేర 5 లక్షల చీటీ (50 నెలల్లో 31 కట్టాం, ఇంకా పాడలేదు), 14 తులాల బంగారం ఉన్నాయి. బాబు పదో తరగతి, పాప ఆరో తరగతి. అత్తయ్య మాతోనే ఉంటారు. బంగారం అమ్మి పెద్ద లాయర్‌ని పెట్టమని కొందరు, ఫ్లాట్ మొత్తం నా పేర రాయించుకోమని కొందరు చెబుతున్నారు. ఆయన లోపలికి వెళ్తే ఇల్లు ఎలా నడపాలి?

జవాబు: అమ్మా, ఇంత టెన్షన్‌లో కూడా ప్రతి అంకె రాసి పంపారు. దానివల్ల నేను సూటిగా చెప్పగలుగుతున్నాను. మీ దగ్గర ఉన్న అన్నిటికంటే విలువైనది బంగారం కాదు, ఈ రెండు నెలలు. మీవారు ఇంట్లో ఉన్నారు, ఆయన సంతకం పెట్టగలరు, ఆయన ఫోన్‌కి ఓటీపీ వస్తుంది. తర్వాత ఇవేవీ ఉండకపోవచ్చు.

ఈ మాట ఎందుకంటున్నానో చెప్తాను. కొన్నేళ్ళ క్రితం నా దగ్గరికి ఒకావిడ వచ్చారు. భర్త చర్లపల్లి జైల్లో ఉన్నాడు. చేతిలో బట్టల షాపు కవరు, దాన్నిండా కాగితాలు. ఒక్కొక్కటే టేబుల్ మీద పరుస్తుంటే ఆయన పేరున్న బ్యాంకు పాస్‌బుక్ బయటపడింది, అందులో లక్షా 80 వేలు ఉన్నాయి. ఆవిడ మాత్రం నాలుగు నెలలుగా ఐదు రూపాయల వడ్డీకి తెచ్చి పిల్లల ఫీజు కడుతున్నారు. రీచార్జ్ లేక ఆయన సిమ్ పోయింది, ఏటీఎం కార్డు గడువు అయిపోయింది. ‘నామినీని నేనే కదండీ’ అన్నారు. నామినీ హక్కు మనిషి పోయాక వచ్చేది. మనిషి బతికుండి జైల్లో ఉంటే నామినీకి ఒక్క రూపాయి రాదు. ఆ పాస్‌బుక్‌ను ఆవిడ మళ్ళీ కవర్లో పెట్టుకున్న తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది.

అందుకే ముందు ఈ వారం పని. ఆయన అకౌంట్లో మీ పేరు జాయింట్‌గా చేర్పించండి, ‘ఎయిదర్ ఆర్ సర్వైవర్’ అని రాయించండి. అప్పుడు ఇద్దరిలో ఎవరైనా ఆపరేట్ చేయొచ్చు. షాపు కరెంట్ అకౌంట్ ఆయన ఒక్కరి పేరునే ఉంటుంది కాబట్టి దానికి పవర్ ఆఫ్ అటార్నీ, అంటే ఆయన తరఫున మీరు సంతకం పెట్టేందుకు ఆయన రాసిచ్చే అధికార పత్రం కావాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించండి. బ్యాంకు లావాదేవీలు, జీఎస్టీ, షాపు అద్దె, రావాల్సిన బాకీల వసూలు అన్నీ అందులో విడివిడిగా రాయించండి. జైల్లో ఉన్నవాళ్ళు రిజిస్ట్రేషన్ ఆఫీసుకు రానక్కర్లేదని, వాళ్ళ దగ్గరికే వెళ్ళి నమోదు చేయొచ్చని రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది. కానీ ఇప్పుడు ఒక పూటలో అయ్యే పనికి అప్పుడు ఎన్నిసార్లు తిరగాలో ఊహించుకోండి. ఆయన సిమ్‌కి మాత్రం ఏడాది రీచార్జ్ చేయించి పెట్టండి.

ఇక ఆయన డైరీ. అల్యూమినియం పని చేసేవాళ్ళకి బయట బాకీలు లేకుండా ఉండవు. ఏ అపార్ట్‌మెంట్‌లో ఎవరు ఎంత ఇవ్వాలో ఆయనకు నోటికి వచ్చు, మీకు రాదు. ఒక సాయంత్రం ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని పేరు, ఫోన్ నంబరు, అంకె అన్నీ రాయించండి. వీలైతే ఆయనతో కలిసి ఒక్కొక్కరి దగ్గరికి వెళ్ళి ‘ఇంత బాకీ ఉన్నాను’ అని తేదీ వేసి సంతకం తీసుకోండి. బాకీ రాబట్టుకోవడానికి చట్టం ఇచ్చే గడువు మూడేళ్ళు. ఆ గడువు లోపల రాతపూర్వకంగా ఒప్పుకుంటే లెక్క మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది. అసలు మనిషి లోపలికి వెళ్ళాక ‘నేనెప్పుడో ఇచ్చేశానమ్మా’ అనేవాళ్ళే ఎక్కువ.

ఇప్పుడు కేసు సంగతి. నేను లాయర్‌ని కాదు, డబ్బు వైపు నుంచి చెబుతున్నాను. చెక్ బౌన్స్ కేసు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం (చెక్కులు, ప్రామిసరీ నోట్ల చట్టం) సెక్షన్ 138 కింద వస్తుంది. గరిష్ఠంగా రెండేళ్ళ జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. మీ కేసులో ఆ రెట్టింపు 14 లక్షలు. జైలుకెళ్ళి వస్తే అప్పు తీరిపోయినట్టే అనే మాట చాలామంది నోట విన్నాను. అది తప్పు. కోర్టు ఇవ్వమన్న పరిహారం జైలు తర్వాత కూడా వసూలు చేస్తారు. అంటే సంపాదించి తెచ్చే మనిషి లోపల ఉంటాడు, బాకీ బయట అలాగే ఉంటుంది.

అదే సమయంలో ఇది రాజీకి వీలున్న కేసు. తీర్పుకు ముందు, అప్పీలులో కూడా రాజీ పడొచ్చు. ఎంత ఆలస్యమైతే కోర్టు అంత ఎక్కువ ఖర్చు కట్టమంటుంది, ఈ పద్ధతిని సుప్రీంకోర్టు 2010లోనే పెట్టింది. మీ లెక్క నేను రెండుసార్లు చూశాను. ఈ నెల చీటీ పాడితే కమిషన్, తగ్గింపు పోను 4 లక్షల 30 వేలు వచ్చినా, డిపాజిట్ 3 లక్షలు కలిపితే 7 లక్షల 30 వేలు. చెక్కుల మొత్తం మీ చేతిలోనే ఉందమ్మా! పెద్ద లాయర్‌కి పోసే డబ్బు డీలరుకిచ్చి కేసు మూయించడమే నా సలహా. డీలరుకు కావలసిందీ డబ్బే, మీవారు జైల్లో ఉంటే ఆయనకు ఒరిగేదేమీ లేదు. నాలుగు లక్షలు ఒకేసారి, మిగతాది వాయిదాల్లో అని మొదలుపెట్టండి. లోక్ అదాలత్‌లో రాజీ రాయించుకుంటే అది కోర్టు డిక్రీతో, అంటే కోర్టు తీర్పుతో సమానం, దానిమీద అప్పీలు ఉండదు. డబ్బు డీడీగా గానీ బ్యాంకు ద్వారా గానీ ఇవ్వండి, రాజీ అయిందని కోర్టులో మెమో (రాతపూర్వక కాగితం) వేయించండి. మధ్యవర్తి చేతికి నోట్లు ఇవ్వొద్దు, ఆయన మీ పెద్దనాన్నే అయినా సరే.

చీటీ పాడాక ష్యూరిటీలు (జామీను ఉండేవాళ్ళను) ఇస్తేనే డబ్బు చేతికొస్తుంది. జీతం స్లిప్ ఇవ్వగల ఇద్దరితో ఇప్పుడే మాట్లాడండి. తీర్పు వ్యతిరేకంగా వస్తే బెయిల్‌కీ ష్యూరిటీలు కావాలి, అందుకు వేరే ఇద్దరిని చూసుకోండి. ఒకే బావమరిదిని అన్నిటికీ వాడేస్తే అతనూ బెదిరిపోతాడు.

రాజీ కుదరకపోతే? శిక్ష పడిన రోజే జైలుకు వెళ్ళాలని లేదు. మూడేళ్ళలోపు శిక్షలకు, అప్పీలు వేసుకునేందుకు ఆ కోర్టే శిక్షను నిలిపి బెయిల్ ఇవ్వొచ్చు. అప్పీలుకు 30 రోజులు గడువు. అయితే పై కోర్టు పరిహారంలో కనీసం 20 శాతం కట్టమనవచ్చు. 7 లక్షలకు అది లక్షా 40 వేలు, 14 లక్షలు పడితే 2 లక్షల 80 వేలు. ఈ డబ్బు డిపాజిట్ నుంచి రావాలి, ఇంటి ఖర్చు నుంచి కాదు. లాయర్ ఖర్చు భరించలేని పరిస్థితి వస్తే, ఆడవాళ్ళకీ కస్టడీలో ఉన్నవాళ్ళకీ ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. 15100కి ఫోన్ చేస్తే దారి చెబుతారు.

ఇంటి లెక్క. ఈఎంఐ 19,400, చీటీ 8,500 అనుకుందాం, కిరాణా, కూరలు, పాలు 13 వేలు, ఫీజులు నెలకు 6 వేలు, కరెంటు, గ్యాస్, మెయింటెనెన్స్ 5 వేలు, అత్తగారి మందులు 2 వేలు. మొత్తం 53,900. మీ జీతం పోను దాదాపు 30 వేలు తక్కువ. మీ అకౌంట్లోని 2 లక్షల 10 వేలు సరిగ్గా ఏడు నెలలు వస్తాయి. ఆ డబ్బును ఏడు నెలల బియ్యంగా చూడండి. కేసు కోసం ఎవరు అడిగినా అందులోంచి తీయకండి. షాపు అద్దె ఆపగలిగితే ఆపండి, జీఎస్టీ రిజిస్ట్రేషన్ వాడకపోతే రద్దుకు దరఖాస్తు చేయండి. రిటర్న్ వేయకుండా వదిలేస్తే రోజుకు ఇంత అని లేట్ ఫీజు పడుతూనే ఉంటుంది.

ఈఎంఐ మీద మాత్రం అలసత్వం వద్దు. మీరూ సంతకం పెట్టారు కాబట్టి ఆ లోన్ పూర్తిగా మీది కూడా. ఆయన అకౌంట్ నుంచి ఆటోమేటిక్‌గా కట్ అవుతుంటే ఈ నెలే మీ అకౌంట్‌కు మార్పించండి. ఆటో డెబిట్ బౌన్స్ అయినా చెక్ బౌన్స్‌లాగే కేసు పెట్టొచ్చు, అది 2007లో చేసిన చట్టం. వాయిదా 90 రోజులు దాటితే బ్యాంకు దాన్ని మొండిబాకీ కింద వేస్తుంది. తర్వాత 60 రోజుల నోటీసు, ఆపైన ఫ్లాట్ స్వాధీనం. ఒక్క వాయిదా కూడా తప్పకముందే మేనేజర్‌ని కలిసి గడువు పెంచి ఈఎంఐ తగ్గించమని రాసివ్వండి. తప్పాక వెళ్తే మాట వేరుగా ఉంటుంది.

ఫ్లాట్ మీ పేర రాయించుకోవద్దు. అప్పులవాళ్ళకు అందకుండా చేయడానికి ఆస్తి మారిస్తే కోర్టు ఆ రాతను కొట్టేయగలదు. పైగా రాజీకి కూర్చున్నప్పుడు డీలరు నమ్మకం పోతుంది. మీవారి వ్యాపార అప్పులకు మీరు బాధ్యులు కారు. చెక్కు మీద మీ సంతకం లేకపోతే, అకౌంట్ జాయింట్ అయినా ఆ కేసు మీ మీదికి రాదు. కానీ ఇకముందు ఎవరు తెచ్చిన ఖాళీ చెక్కు మీదా, ప్రామిసరీ నోటు మీదా సంతకం పెట్టకండి. ఆయన బతిమాలినా పెట్టకండి. పిల్లలకు కనీసం ఒక్కరి పేరు శుభ్రంగా మిగలాలి.

బంగారం అమ్మొద్దు. పుట్టింటివాళ్ళు పెట్టింది మీ స్త్రీధనం, ఆయన అప్పులకు దానితో సంబంధం లేదు. రాజీకి లక్ష తగ్గితే బ్యాంకులో తాకట్టు పెట్టండి. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం, ఫోన్లోని లోన్ యాప్‌లు అంతకంటే ఘోరం. ఆయన పేర బీమా పాలసీ ఉంటే ప్రీమియం తప్పనివ్వకండి. ఆ డబ్బు మీద అప్పులవాళ్ళ జప్తు పడకుండా చట్టంలో రక్షణ ఉంది.

బాబుకి చెప్పండమ్మా. పదో తరగతి పిల్లాడికి ఇంట్లో గుసగుసలు వినపడుతూనే ఉంటాయి. బయటివాళ్ళు చెప్పేలోపు నాన్నే పక్కన కూర్చుని చెప్పడం మంచిది. స్కూల్లో కూడా మీరే ముందుగా ప్రిన్సిపాల్‌ని కలిసి ఫీజు నెలవారీగా కడతానని అడగండి. పిల్లలు మీరు పనిచేసే స్కూల్లోనే చదువుతుంటే ఆ గది తలుపు మీకు తెరిచే ఉంటుంది.

ఈ నెల చీటీ పాట ఏ తేదీనో రేపే ఫోన్ చేసి కనుక్కోండి. ఆ తేదీకి ముందే మీవారిని తీసుకుని లాయర్ దగ్గరికి వెళ్ళి, డీలరు తరఫు లాయర్‌తో రాజీ మాట కదపమనండి. వాళ్ళు ఎంతకు ఒప్పుకుంటారో చెప్పాక ఆ అంకె నాకు రాయండి, చీటీ ఎంతకు పాడాలో కలిసి లెక్క వేద్దాం.