నాచు క్యాప్సూల్స్ ఆపండి, ముందు ఆ వేళ్ల వాపు చూపించుకోండి

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. థైరాయిడ్ తక్కువగా ఉందని రోజూ థైరాక్సిన్ 75 మైక్రోగ్రాముల మాత్ర వేసుకుంటాను. నాలుగు నెలలుగా మోకాళ్ల నొప్పులు, వేళ్ల కణుపుల దగ్గర వాపు. పొద్దున లేచాక గంటకు పైగా చేతులు బిగుసుకుపోయి ఉంటున్నాయి. సముద్రపు నాచులోని ఫ్యూకోయిడాన్ కండరాలకు, ఎముకలకు, కీళ్లకు మంచిదని చదివి రెండు నెలలుగా కెల్ప్ క్యాప్సూల్స్ వాడుతున్నాను. ఈ మధ్య గుండె దడగా ఉంటోంది. రోజుకు రెండు వేసుకోవచ్చా?

జవాబు: ప్రస్తుతానికి ఒక్కటి కూడా వద్దు. థైరాక్సిన్ మాత్రం సొంతంగా ఆపకండి, డోసు మార్చకండి.

పెద్దవాళ్లకు రోజుకు కావలసిన అయోడిన్ సుమారు 150 మైక్రోగ్రాములు. కెల్ప్ లాంటి గోధుమరంగు నాచులో ఒక్క గ్రాములోనే దీనికి ఎన్నో రెట్లు ఉండొచ్చు. పైగా ఒక్కో తయారీలో ఒక్కోలా ఉంటుంది. అంత అయోడిన్ థైరాయిడ్‌ను మరింత మందగింపజేయవచ్చు, కొందరిలో అతిగా పనిచేయించనూ వచ్చు. మందగిస్తే కండరాల నొప్పులు, బిగుతు. అతిగా పనిచేస్తే గుండె దడ, కండరాల నీరసం, దీర్ఘకాలంలో ఎముకల పలుచదనం. అంటే దేనికోసం క్యాప్సూల్స్ మొదలుపెట్టారో అదే దెబ్బతినొచ్చు. మీ దడకు కారణం ఇదేనని చూడకుండా చెప్పలేను. టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 అనే థైరాయిడ్ రక్త పరీక్షలు, గుండెకు ఈసీజీ చేయించాలి.

నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది మీ వేళ్లు. వయసుతో వచ్చే కీళ్ల అరుగుదలలో పొద్దుటి బిగుతు సాధారణంగా అరగంటలోపు సడలుతుంది. గంట దాటి, వాపు కూడా ఉంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్ (శరీర రక్షణ వ్యవస్థే కీళ్లపై దాడి చేసే జబ్బు) ఉందేమో చూడాలి. ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ, ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ అనే రక్త పరీక్షలు అవసరమవుతాయి. అవి నార్మల్‌గా వచ్చినా డాక్టర్ కీళ్లను చేత్తో నొక్కి చూడాల్సిందే. ఈ జబ్బులో తొలి నెలలు చాలా విలువైనవి. జబ్బు ఒకసారి తినేసిన ఎముక మందులతో తిరిగి రాదు. మీరు ఇప్పటికే నాలుగు నెలలు పోగొట్టుకున్నారు, అందులో రెండు నెలలు క్యాప్సూల్స్ మీద నమ్మకంతో. సహజమైనది కదా అని డాక్టర్‌కు చెప్పకుండా వాడటం చాలామంది చేస్తున్నారు. దయచేసి అలా చేయకండి.

ఫ్యూకోయిడాన్ వాపును తగ్గిస్తుందని ల్యాబ్ పరిశోధనల్లో కనిపించిన మాట నిజమే. మనుషుల్లో ఆధారాలు ఇంకా బలహీనం. ఇది కూడా రక్తాన్ని పలుచబరచవచ్చు కాబట్టి, రక్తం పలుచబరిచే మందులు వాడేవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. నాచు నుంచి తీసిన కాల్షియం మాత్రలు వేరే రకం. వాటినైనా థైరాక్సిన్‌కు నాలుగు గంటల ఎడంతోనే వేసుకోవాలి.

ఈ వారంలోనే రుమటాలజిస్టును (కీళ్లవాతం డాక్టర్‌ను) కలవండి, క్యాప్సూల్ డబ్బా కూడా తీసుకెళ్లండి. దడతో పాటు ఛాతీ నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.