డౌట్ అడగాలంటే భయమా? ముందు ఎక్కడ ఆగిపోయారో చూసుకోండి

ప్రశ్న: మాది నాగర్‌కర్నూల్ దగ్గర పల్లె. పదో తరగతి వరకు తెలుగు మీడియమే. ఇప్పుడు హైదరాబాద్‌లో బీటెక్ సీఎస్‌ఈ మొదటి సంవత్సరం చదువుతున్నాను. సి లాంగ్వేజ్‌లో రికర్షన్ (ప్రోగ్రామ్‌లో ఒక ఫంక్షన్ తనను తానే మళ్లీ పిలుచుకోవడం) ఎంత విన్నా అర్థం కావడం లేదు. అడుగుదామంటే ఇంగ్లిష్ తప్పులు పోతాయని, అందరూ నవ్వుతారని భయం. ఇలాగైతే నాకు ఉద్యోగం వస్తుందా?
– ఒక విద్యార్థిని

జవాబు: అడగడం రాకపోవడం మీ తప్పు కాదమ్మా, మీకు ఎవరూ నేర్పలేదు. ఇంటర్ రెండేళ్లూ జవాబులు రాయడంతోనే సరిపోయింది. ఎప్‌సెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు, ఒక్కోదాని కింద నాలుగు ఆప్షన్లు. ప్రశ్న తయారు చేసే పని ఎప్పుడూ వేరేవాళ్లదే. ఇప్పుడు ఆ పని మీ మీద పడింది.

'సార్, రికర్షన్ అర్థం కాలేదు' అంటే సార్ పాఠం మొదటి నుంచి మళ్లీ చెప్తారు. మీరు మళ్లీ అక్కడే ఆగిపోతారు. అందుకని అడిగే ముందు ఒక పని చేయండి. హాస్టల్లో కూర్చుని ఫ్యాక్టోరియల్ ప్రోగ్రామ్‌ను (3 ఇస్తే 3×2×1 లెక్కగట్టేది) 3తో మొదలుపెట్టి కాగితం మీద చేత్తో నడిపించండి. 3 వచ్చి 2ని పిలుస్తుంది, 2 వచ్చి 1ని పిలుస్తుంది. 1 దగ్గర ఆగి వెనక్కి తిరుగుతుంది. ఇక్కడ మీకు కచ్చితంగా ఒక అనుమానం రావాలి: ఎన్ (ప్రోగ్రామ్‌కి మనం ఇచ్చే సంఖ్య) విలువ 1 దాకా తగ్గిపోయింది కదా, మళ్లీ గుణించడానికి ఆ 2, ఆ 3 ఎక్కడి నుంచి వచ్చాయి?

అదే అడగండి. ప్రతి కాల్‌కీ, అంటే ప్రతి పిలుపుకీ, దాని సొంత ఎన్ ఉంటుందనీ, అవన్నీ స్టాక్‌లో (ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే మెమరీలో) భద్రంగా ఉంటాయనీ సార్ రెండు నిమిషాల్లో చెప్పేస్తారు. అంత చిన్న ప్రశ్న దాకా రావడానికి మీకు గంట పట్టొచ్చు. ఆ గంటలోనే రికర్షన్ ముప్పావు వంతు వచ్చేసి ఉంటుంది. అడగడమంటే నా దృష్టిలో అసలు కష్టం అదే, చెయ్యెత్తడం కాదు.

ఇంగ్లిష్ గురించి బెంగ పెట్టుకోకండి. 'సార్, రిటర్న్ అయ్యాక ఎన్ వాల్యూ 3 ఎలా అయింది?' అని తెలుగులోనే అడగొచ్చు. క్లాసులో ఇబ్బందిగా ఉంటే ల్యాబ్‌లో అడగండి. నవ్వేవాళ్లు ఒకరిద్దరు ఉండొచ్చు, ఉండరని మీకు అబద్ధం చెప్పను. అదే డౌట్‌తో నోరు మెదపకుండా కూర్చున్నవాళ్లు అంతకంటే ఎక్కువమందే ఉంటారు.

ఇక ఉద్యోగం సంగతి. ఇంటర్వ్యూలో 'ఈ లిస్టులో రెండో పెద్ద సంఖ్య కనుక్కోండి' అంటారు. వెంటనే కోడ్ మొదలుపెట్టే అభ్యర్థి కంటే, '9, 9, 4 అని ఉంటే రెండోది 9 అనుకోవాలా, 4 అనుకోవాలా?' అని అడిగేవాళ్ల మీద మంచి అభిప్రాయం కలుగుతుంది. చాలాసార్లు ప్రశ్నలో ఆ ఖాళీని ఇంటర్వ్యూ చేసేవాళ్లు కావాలనే వదులుతారు. ఉద్యోగంలో చేరాక కూడా 'కోడ్ పనిచేయట్లేదు' అని మెసేజ్ పెడితే సీనియర్ ఏం చెప్పగలరు? ఏం రన్ చేశారు, ఏం రావాలి, ఏం వచ్చింది, ఎర్రర్ మెసేజ్ ఏమిటి, ఇవన్నీ రాస్తే టీ తాగి వచ్చేలోపు జవాబు వస్తుంది.

ఒకవేళ సార్ 'ఇంత చిన్నదీ తెలియదా' అని కసురుకుంటే మనసు కష్టపెట్టుకుని ఊరుకోవద్దు. ఇంకో లెక్చరర్‌నో, సీనియర్ అక్కనో అడగండి. చేత్తో నడిపించిన ఆ కాగితం మాత్రం వెంట తీసుకెళ్లండి. ఆగిపోయిన లైన్ మీద వేలు పెట్టి చూపిస్తే సగం మాటలు అక్కర్లేదు.