పదకొండు పాటలు పక్కన పెట్టే ముందు

తమ్ముడూ,

పాటలన్నీ విన్నాను. వీటిని పారేసి ఆల్బమ్ మొదటి నుంచి చేద్దామని మీ బ్యాండ్ వాళ్లు అంటున్నారని రాశావు. చేయొచ్చు. కానీ ఏది పారేస్తున్నారో ముందు తేల్చుకోండి. పాట వేరు, దానికి కట్టిన వాయిద్యాల అమరిక వేరు, రికార్డింగ్ వేరు. ఒకదానికి జబ్బు చేస్తే మూడింటినీ పూడ్చిపెట్టేవాళ్లే ఎక్కువ.

1971లో బ్రిటిష్ రాక్ బ్యాండ్ ద హూ న్యూయార్క్‌లోని రికార్డ్ ప్లాంట్ స్టూడియోలో చేసిన రికార్డింగులు వదిలేసి, ఇంగ్లండ్ వెళ్లి గ్లిన్ జాన్స్ అనే రికార్డింగ్ ఇంజినీరుతో మళ్లీ మొదలుపెట్టింది. 'లైఫ్‌హౌస్' అనే పెద్ద కథా, రెండు రికార్డుల ఆలోచనా పోయి, ఆ ఆగస్టులో తొమ్మిది పాటల 'హూజ్ నెక్స్ట్' వచ్చింది. అయితే బ్యాండ్ గిటారిస్టు పీట్ టౌన్షెండ్ సొంతంగా చేసుకున్న డెమోల్లోని (నమూనా రికార్డింగుల్లోని) కొన్ని ట్రాకులు (ఒక్కో వాయిద్యానికి విడిగా చేసిన రికార్డింగులు) అలాగే ఉంచారు. 'వోంట్ గెట్ ఫూల్డ్ అగైన్'లో తెరలు తెరలుగా మోగేది డెమో నాటి ఆర్గనే. దాన్ని ఈఎంఎస్ వీసీఎస్3 సింథసైజర్ గుండా పంపారు. బ్యాండంతా ఆ టేపును అనుసరించి వాయించింది. పారేయడంలో ఇంత వివరం చూసుకోవాలి.

మీరు రెండు వారాలు ఏదీ వినకండి. తర్వాత ఒక గిటార్, ఒక గొంతు, ఫోన్ రికార్డర్ చాలు. ప్రతి పాటా అలా పాడి చూడండి. నిలబడితే పాట బాగున్నట్టే, తప్పు అమరికది. నిలబడకపోతే స్కేల్ (శ్రుతి) రెండు సెమీటోన్లు (అర స్వరాలు) దించి, టెంపో (వేగం) ఐదారు బీపీఎం (నిమిషానికి పడే దెబ్బలు) మార్చి ఇంకోసారి పాడండి. అప్పుడూ పల్లవి చప్పగా ఉంటే వదిలేయండి.

ఒక కాగితం మీద ప్రతి పాటకూ టెంపో, స్కేల్, నిడివి, పల్లవి మొదలయ్యే సెకను రాయండి. నాకు వినిపించినంతలో మీవి ఎనిమిది పాటలు 90–96 బీపీఎం మధ్యే ఉన్నాయి, ఆరు E మైనర్ స్కేల్‌లో ఉన్నాయి. విడిగా బాగున్నవి వరసగా వింటే విసుగు పుట్టేది ఇందుకే. దీనికి పదకొండూ పారేయక్కర్లేదు, నాలుగు మారిస్తే సరిపోవచ్చు.

ఇక సాహిత్యం, ఇది పూర్తిగా నీ పని. రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరస) మీద తెలుగు కూర్చేటప్పుడు పొడుగు స్వరం కింద లఘువు (పొట్టి అక్షరం) పడితే గాయకుడు సాగదీస్తాడు, 'మది' కాస్తా 'మాది' అవుతుంది. మూడో పాట పల్లవిలో జరిగింది అదే. ట్యూన్ జోలికి పోకు, అక్కడ గురువుతో (పొడుగు అక్షరంతో) మొదలయ్యే మాట వెయ్యి. ఏడు పాటల్లో 'చీకటి' అనే మాట ఉంది. ఇంత కరెంటు కోత మా కాలంలో కూడా లేదు! రెండింట్లో ఉంచి తక్కినవి కొట్టెయ్.

పాతవేవీ డిలీట్ చేయొద్దు. సెషన్ ఫైలు (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచే ఫైలు) ఒక్కటే దాస్తే, ప్లగిన్ (ఎఫెక్టులిచ్చే చిన్న సాఫ్ట్‌వేర్) మారిన రోజు అది సరిగా తెరుచుకోదు. ప్రతి ట్రాకునూ సున్నా నుంచి చివరిదాకా 24-బిట్ వేవ్ (నాణ్యత తగ్గని ఆడియో) ఫైలుగా, ఎఫెక్టులతో ఒకటి, లేకుండా ఒకటి తీయండి. ఫైలు పేరులోనే టెంపో, స్కేల్ రాయండి. రెండు డిస్కుల్లో పెట్టి, ఒకటి వేరే ఇంట్లో ఉంచండి. పాత డ్రమ్ములను కొత్త పాటలో వాడాలనిపిస్తే, టెంపో కాస్త ఎక్కువ సాగదీసినా సింబల్స్ (డ్రమ్ములతో వాడే ఇత్తడి పళ్లాలు) మోత చెదిరిపోతుంది. మళ్లీ వాయించడమే తక్కువ పని.

డెమోలను కూడా శుభ్రంగా, పీక్ (శబ్దం చేరే అత్యధిక స్థాయి) మైనస్ 6 డీబీ దాటకుండా రికార్డ్ చేయండి. అమెరికన్ రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982లో బ్యాండుతో చేసినవి పక్కనపెట్టి, ఇంట్లో నాలుగు ట్రాకుల క్యాసెట్ మీద చేసినవాటినే 'నెబ్రాస్కా'గా విడుదల చేశాడు. ఆ క్యాసెట్‌ను రికార్డు మీదికి ఎక్కించడానికి ఇంజినీర్లు నానా అవస్థా పడ్డారు.

పక్కన పెట్టిన పాటల్లో మాటలెవరివి, ట్యూనెవరిది, రేపు ఎవరు వాడుకోవచ్చు అన్నది ఒక పేజీ రాసి అందరూ సంతకాలు పెట్టండి. ఇది స్నేహంగా ఉన్నప్పుడే జరగాలి.

కొత్తవి మూడు పూర్తయ్యేదాకా పాతవాటి మీద తీర్పు చెప్పొద్దు. కొత్త పాట కొత్తది కాబట్టే బాగుంటుంది, దానికీ అదే రెండు వారాలు, అదే ఒంటి గిటార్. అప్పటిదాకా మిక్సింగ్‌కు అడ్వాన్స్ ఇవ్వొద్దు. ఐదో పాటకు డ్రమ్ములు లేని టేక్ ఉంటే అది ముందు పంపు.

ఆశీస్సులతో,
అన్న