వేలంలో లక్షలు పలికే పాత ఫర్నిచర్ చేసినవాళ్లు బాగా బతికారా?

ఎక్కువమంది బతకలేదు. 18వ శతాబ్దపు లండన్‌నే తీసుకోండి. పద్నాలుగేళ్లకు పనిలో చేరిన కుర్రాడు సాధారణంగా ఏడేళ్లు జీతం లేకుండా, యజమాని పెట్టింది తిని నేర్చుకోవాలి. తర్వాత కూలికి కుదిరినా ఉలులు, రంపాలు, చిత్రికలు సొంతంగా కొనుక్కోవాల్సిందే. ఆ పనిముట్ల పెట్టే అతని ఆస్తి. 1755లో పేరుమోసిన ఫర్నిచర్ తయారీదారు థామస్ చిప్పెండేల్ కార్ఖానా తగలబడితే 22 మంది పనివాళ్ల పెట్టెలు అందులోనే ఉన్నాయి!

దుంగలు కోసేవాళ్లది మరీ ఘోరం. గొయ్యి మీద దుంగ పెట్టి ఒకడు పైన, ఒకడు కింద నిలబడి పొడవాటి రంపం లాగేవారు. రంపపు పొట్టు అంతా కిందివాడి కళ్లలోనే. ఇక పారిస్‌లో బీరువాలకు బిగించే కంచు నగిషీలకు బంగారాన్ని పాదరసంతో కలిపి పూసి, నిప్పు మీద కాల్చేవారు. ఆ ఆవిరి పీల్చి వణుకుడు రోగాలతో తొందరగా పోయేవారు.

మరి యజమానులైనా సుఖపడ్డారా? అదీ లేదు. దొరలు సరుకు తీసుకుని డబ్బులకు నెలల తరబడి తిప్పించుకునేవారు. తనకు కౌలు ఏడాదికోసారి వస్తుంది కాబట్టి బాకీలూ ఏడాదికోసారే తీరుస్తానని చిప్పెండేల్‌కు ఒకాయన తాపీగా ఉత్తరం రాశాడు. ఈలోగా కలప, కూలీల ఖర్చులకు అప్పే గతి. చిప్పెండేల్ 1779లో క్షయతో పోయాడు. వ్యాపారం అందుకున్న కొడుకు 1804లో దివాలా తీశాడు. చిప్పెండేల్ అంతటి పేరున్న ఫర్నిచర్ రూపకర్త షెరాటన్ కూడా 1806లో పేదరికంలోనే కన్నుమూశాడు.