కొత్త జోడీతో ఆడబోయే బ్యాడ్మింటన్ డబుల్స్ ఆటగాడికి

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

ఇన్నాళ్లూ నీతో కలిసి ఆడిన కుర్రవాణ్ణి కోచ్ వేరే జోడీలో వేశారనీ, నిన్ను కొత్తవాడితో ఆడమనడమే కాక, అబ్బాయి, అమ్మాయి జోడీగా ఆడే మిక్స్‌డ్ డబుల్స్‌లోనూ దిగమన్నారనీ రాశావు. ఇది నిన్ను తక్కువ చేయడమేనని నీవు నొచ్చుకున్నావు. నాకు మాత్రం అలా అనిపించడం లేదు. కోచ్ మాటకు ఒప్పుకోమనే నా సలహా. ఎందుకో చెప్పాలంటే దక్షిణ కొరియా బ్యాడ్మింటన్ డబుల్స్ ఆటగాడు కిమ్ డాంగ్-మూన్ ఆట గురించి చెప్పాలి.

1996 అట్లాంటాలో మిక్స్‌డ్ డబుల్స్‌ను ఒలింపిక్స్‌లో తొలిసారి ఆడించారు. అప్పటికి కిమ్ వయసు ఇరవై. అతని జోడీ గిల్ యంగ్-ఆ ఐదేళ్లు పెద్దది, 1992లోనే ఒలింపిక్ పతకం అందుకున్న క్రీడాకారిణి. ఫైనల్లో వారికి ఎదురైనవారూ కొరియావారే: 1992 బార్సిలోనా ఒలింపిక్స్ స్వర్ణ విజేత పార్క్ జూ-బాంగ్, ఆయన పక్కన పంతొమ్మిదేళ్ల రా క్యుంగ్-మిన్. మొదటి గేమ్‌ను 13-15తో చేజార్చుకున్న కిమ్, గిల్ మిగిలిన రెండింటినీ 15-4, 15-12తో గెలిచారు. ఆ తర్వాత కిమ్ జోడీ కట్టింది ఎవరితోనో తెలుసా? ఆ రోజు నెట్‌కు అవతల నిలిచి ఓడిన రా క్యుంగ్-మిన్‌తోనే. వారిద్దరూ కలిసి 1999లోనూ 2003లోనూ ప్రపంచ విజేతలయ్యారు. 1999లో కోపెన్‌హాగన్‌లో జరిగిన ఆ ప్రపంచ పోటీల్లోనే కిమ్, హా టే-క్వోన్‌తో కలిసి పురుషుల డబుల్స్ టైటిల్ కూడా గెలిచాడు.

ఒకే టోర్నీలో రెండు రకాల డబుల్స్ ఆడి గెలవడం ఎంత కష్టమో మిక్స్‌డ్ ఆడడం మొదలుపెట్టాక నీకే తెలుస్తుంది. మిక్స్‌డ్‌లో సాధారణంగా అమ్మాయి నెట్ దగ్గర ఉండి ప్రత్యర్థి షటిల్‌ను పైకి లేపక తప్పని స్థితి కల్పిస్తుంది, వెనుక కోర్టు బాధ్యతలో పెద్ద భాగం అబ్బాయిదే అవుతుంది. పురుషుల డబుల్స్‌లో దాడి చేసేటప్పుడు ముందూవెనుకా, కాచుకునేటప్పుడు పక్కపక్కనా నిలుస్తూ ఇద్దరూ క్షణక్షణం చోట్లు మారాలి. వెనుక ఉన్నప్పుడు నీ స్మాష్ బాగుంటుంది, కానీ స్మాష్ కొట్టాక ముందుకు రావడం నీకింకా అలవాటు కాలేదు. పాత భాగస్వామి ఆ లోటు కప్పిపుచ్చాడు, కొత్తవాడు కప్పడు. ఈ మార్పు వల్ల నీకు కలిగే మొదటి మేలు అదే.

ఇక ఓటమి సంగతి. కిమ్, రా జోడీ 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో క్వార్టర్‌ఫైనల్లోనే వెనుదిరిగింది. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో టాప్ సీడ్‌గా బరిలోకి దిగి, మళ్లీ క్వార్టర్‌ఫైనల్లోనే డెన్మార్క్ జంట రాస్ముసెన్, ఓల్సెన్ చేతిలో ఓడింది. అంత గొప్ప జోడీకి ఒక్క ఒలింపిక్ పతకం దక్కలేదన్న బాధ నాకిప్పటికీ ఉంది. అయినా అదే ఏథెన్స్‌లో కిమ్, హాతో కలిసి, సొంత దేశపు లీ డాంగ్-సూ, యూ యోంగ్-సంగ్ జంటను 15-11, 15-4తో ఓడించి స్వర్ణం గెలిచాడు. రా మహిళల డబుల్స్‌లో లీ క్యుంగ్-వాన్‌తో కాంస్యం సాధించింది. ఒక జోడీగా తగిలిన దెబ్బను మరో జోడీ ఆటలోకి రానివ్వకపోవడాన్ని నేను అన్నిటికంటే పెద్ద నైపుణ్యంగా ఎంచుతాను. మరుసటి ఏడాది కిమ్, రా పెళ్లి చేసుకున్నారు.

కొత్తవాడితో కోర్టులో దిగే ముందే, ఇద్దరి మధ్య పడే షటిల్ ఎవరిదో మాట్లాడుకోండి. షార్ట్ సర్వీస్ చేశాక ప్రత్యర్థి రిటర్న్‌ను ఎవరు ఎటువైపు అందుకోవాలో విడిగా సాధన చేయండి, ఎందుకంటే డబుల్స్‌లో చాలా పాయింట్లు ఆ మూడో షాట్ దగ్గరే తేలిపోతాయి. అతను తప్పు చేసినప్పుడు ముఖం చిట్లించవద్దు, రాకెట్ విసరవద్దు. మొదటి వారం ఆట పూర్తయ్యాక, మధ్యలో పడిన షటిళ్లలో ఎన్నింటిని ఇద్దరూ వదిలేశారో లెక్కపెట్టి నాకు రాయి. తర్వాత ఏం సాధన చేయాలో దాన్నిబట్టి చెబుతాను.

ఇట్లు,
మీ మామయ్య