ఎక్స్‌రే బాగుంది, నొప్పి తగ్గలేదు

ప్రశ్న: మాది కవిటి దగ్గర పల్లె. మా మావయ్యగారికి 58 ఏళ్లు. మెడ దగ్గర వేసిన పైపుతో వారానికి రెండుసార్లు డయాలసిస్. నెల రోజులుగా నడుం నొప్పి, రాత్రి పడుకున్నా వదలదు. సాయంత్రాలు కాస్త జ్వరం. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. ఇప్పుడు ఎమ్మారై అంటున్నారు. కిడ్నీ రోగులకి ఆ ఇంజెక్షన్ పడదని ఊళ్లో మాట. నిజమేనా?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఎమ్మారై ఈ వారంలోనే తీయించండమ్మా. ఆ పైపు దారిన క్రిములు రక్తంలో కలిసి వెన్నుపూసల్లో చేరడం మేం చూస్తూనే ఉంటాం. డయాలసిస్ వాళ్లకి టీబీ భయమూ ఎక్కువే.

పూసలో సున్నం మూడో వంతో, సగమో పోతే గాని ఎక్స్‌రేకి కనబడదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, పలాసలో జీడిపిక్కలు ఒలిచే ఒకావిడ ఫిల్మ్ చూసి ‘నార్మల్’ అని రాసేశాను. ఆరు వారాలకి మళ్లీ వచ్చింది, ఇద్దరు పట్టుకుంటే. ఈసారి రెండు పూసల మధ్య సందే లేదు, అంచులు ఎలక కొరికినట్టున్నాయి. పాత ఫిల్మ్ తీసి మళ్లీ చూశాను. అప్పటికది నార్మలే!

ఎమ్మారై చూసేది నీటిని. పెచ్చులూడక ముందే గోడ చెమ్మ తెలిసినట్టు, వాచిన పూస నల్లగా ఉండాల్సిన చోట తెల్లగా మెరుస్తుంది. చీము వెన్నుపాము మీదకి వచ్చిందా, పక్క కండలోకి దిగిందా అన్నదీ తెలుస్తుంది. ఏళ్ల తరబడి డయాలసిస్‌తో పూసలు అరిగినా ఒక్కోసారి ఇలాగే కనిపిస్తాయి. అందుకని డయాలసిస్ సంగతి, జ్వరం సంగతి స్కాన్ చీటీ మీద రాయించండి.

ఇంజెక్షన్ మాట ఊళ్లోవాళ్లు ఊరికే అనలేదు. పాత రకం గాడోలినియం (ఎమ్మారై బొమ్మ స్పష్టంగా రావడానికి ఎక్కించే మందు) వల్ల కిడ్నీలు చెడినవాళ్లలో చర్మం బిగుసుకుపోయే జబ్బు వచ్చేది. ఇప్పటి రకాల్లో ఆ ప్రమాదం బహు తక్కువ. ముందు ఇంజెక్షన్ లేకుండా తీయమనండి, చాలావరకు దాంతోనే తేలుతుంది. తప్పదంటే డయాలసిస్ ఉన్న రోజున, దానికి ముందు చేయించండి.

క్రిమి పేరు మాత్రం స్కాన్ చెప్పదు. రక్తం కల్చర్‌కి, అంటే క్రిమిని పెంచి చూసే పరీక్షకి ఇవ్వాలి. అవసరమైతే సీటీలో చూస్తూ సూదితో పూస ముక్క తీస్తారు. అందాకా మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ మాత్రలు వేయకండి, కల్చర్‌లో ఏమీ మొలవకపోవచ్చు.

వణుకుతో జ్వరం వచ్చినా, కాళ్లు తిమ్మిరెక్కినా, తూలినా ఆ రాత్రే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. మూత్రం ఆగిందేమో చూడమని అందరికీ చెప్తాం గాని, మీ మావయ్యగారికి ఎలాగూ తక్కువే వస్తుంది. పొద్దున లేవగానే గుమ్మం దాకా నడిపించి చూస్తూండండి.